అవతలి వైపు నుంచి చూసే బొమ్మ

నిమ్మలకుంట తోలుబొమ్మను ఫోటోలో చూసి మెచ్చుకున్నవాళ్లు దాన్ని ఇంకా చూడలేదనే చెప్పాలి. లైటు ముందు నుంచి పడితే ఎరుపు నల్లబడుతుంది, ఆకుపచ్చ మట్టిరంగుకు దిగుతుంది, కిరీటం నిండా కొట్టిన సన్నటి చిల్లులు ఉన్నాయో లేవో తెలియదు. అదే బొమ్మ వెనక ఒక బల్బు పెట్టండి. రంగులు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. చిల్లుల్లోంచి వచ్చే వెలుగు ముత్యాలవుతుంది. బొమ్మను రెండు వేళ్లతో కాస్త కదిపితే ఆ ముత్యాలు కొన్ని ఆరతాయి, కొన్ని వెలుగుతాయి. ఫోటోకు అందనిది ఈ ఆరడం, వెలగడమే.

తమ బొమ్మలనూ, అవి వేసే తీరునూ వీడియోలు తీసి చూపించుకునే చిత్రకారుల మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు తట్టేది ధర్మవరం దగ్గరి ఈ ఊరు. కాన్వాసు మీద రంగులు వేసేవారికి వీడియో ఒక చాటింపు. బొమ్మ గోడ మీద ఎలాగూ ఉంటుంది, వీడియో దాని గురించి నలుగురికీ చెబుతుంది. నిమ్మలకుంటలో లెక్క వేరు. అక్కడి బొమ్మ పుట్టిందే తెర కోసం, వెనక నుంచి వచ్చే వెలుగు కోసం, కదలిక కోసం. ఫోన్ తెర దానికి పాత చోటే, కొలత మాత్రం తగ్గింది.

ధర్మవరం అనగానే పట్టుచీర గుర్తుకు రావడం న్యాయమే. ఆ చీరలు అమ్మేవాళ్లకు కూడా ఈ కిటుకు తెలుసు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేసిన చీరను మడతలో చూపిస్తే సగం అందమే కనబడుతుంది. అందుకే దుకాణంలో చాప మీద కూర్చున్నాయన కొంగు పట్టుకొని ఒక్క విసురు విసురుతాడు. ఆ విసురులో ఒక రంగులోంచి మరో రంగు తొంగి చూసి పోతుంది. ఫోన్లలో చీరల వీడియోలు పెట్టేవాళ్లు ఇప్పుడు చేస్తున్నదీ ఆ విసురే. ఈ ప్రాంతంలో చేతిపని చాలామటుకు కదిపితే గానీ కనిపించని రకం.

బొమ్మ పని మేకతోలుతో మొదలవుతుంది. ఒకప్పుడు జింక తోలు, దుప్పి తోలు కూడా వాడేవారు. ఇప్పుడు మేకే. తోలును గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక కత్తితో వెంట్రుకలు గీకేస్తారు. లోపలి వైపు అంటుకొని ఉన్న మాంసపు పొరనూ గీకుతారు. తర్వాత నలువైపులా లాగి బిగించి ఎండలో ఆరబెడతారు. చెప్పులు కుట్టే తోలుకు చేసినట్టు తంగేడు చెక్కతో పదును చేయడం ఉండదు. పదును చేస్తే తోలు మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, వెలుతురును మింగేస్తుంది. ఇక్కడ కావలసింది దానికి పూర్తిగా తిరుగుడు: గట్టిగా, పలచగా, కాల్చని అప్పడంలాగా వెలుతురుకు పట్టి చూస్తే అవతలి చెయ్యి నీడ కనపడేలా ఉండాలి. పాత అనంతపురం జిల్లా దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో ఒకటి. రైతుకు అది శాపం. తోలు ఆరబెట్టేవాడికి మాత్రం ఆ పొడి ఎండ పనికొచ్చింది.

చూసేవాళ్లు ఎవరూ పట్టించుకోని ఈ గీకుడే బొమ్మ తలరాతను రాస్తుంది. కత్తి ఒకచోట కాస్త తేలిపోయి మందం మిగిలిందనుకోండి, ఆరిన తోలు మీద అది కంటికి ఆనదు. రంగు వేసేటప్పుడూ తెలియదు. రాత్రి దీపం పెట్టాక సీతమ్మ చెంప మీద మచ్చగా బయటపడుతుంది. కత్తి మరీ లోతుకు దిగితే ఆ చోట ఉలి దెబ్బకు తోలు చీలుతుంది. రెండింటికీ తర్వాత దిద్దుబాటు లేదు. అందుకే గీకేవాడు కళ్ల కంటే వేళ్లను ఎక్కువ నమ్ముతాడు. కత్తి పోయిన దారినే బొటనవేలు పోతుంది, మందం తడిమి చూసుకుంటుంది. ఈ పని మీద తీసిన ఏ వీడియో చూసినా నేను మొదట వెతికేది ఆ బొటనవేలినే. చాలావాటిలో అది ఉండదు. కత్తి రెండు మూడు సార్లు ఆడగానే కోత పడి, తెల్లగా ఆరిన తోలు ప్రత్యక్షమవుతుంది.

తర్వాత గీత. నల్లటి గీతతో బొమ్మ అంతా ముందే కట్టేస్తారు: ముక్కు, కన్ను, నగ, కుచ్చిళ్లు. గీత ముందు, రంగు తర్వాత అన్న ఈ వరస ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే పెనుకొండ దాటి హిందూపురం దాకా వెళ్లాలి. అక్కడికి పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించింది విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు. అచ్యుతదేవరాయల ఏలుబడి (1529–1542) నాటి మాట. విరూపణ్ణ పెనుకొండలో అధికారి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ అప్పటికే పెద్ద సీమకు కేంద్రం. అక్కడి ఖజానా సొమ్ము ఇక్కడ గుడి అయిందన్న కథ, విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడన్న కథ లేపాక్షిలో ప్రతి గైడూ చెబుతాడు. గోడ మీది రెండు ఎర్రటి మచ్చలు చూపించి మరీ చెబుతాడు. ఆ మచ్చల దగ్గర గుమిగూడే జనంలో నాలుగోవంతు మంది కూడా తలెత్తి పైకప్పు చూడరు.

చూడాల్సింది పైకప్పునే. సున్నపు గచ్చు మీద ఎర్రమట్టి, పసుపుమట్టి, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. నీలం దాదాపు కనిపించదు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, ఆవుదూడకు న్యాయం చేయడానికి కన్నకొడుకునే బలిపెట్టిన చోళరాజు కథ. మనుషులు ఎక్కువగా పక్కవాటుగా నిలబడి ఉంటారు: కోసుగా తేలిన ముక్కు, విచ్చుకున్న పెద్ద కన్ను, మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు, ఒక్కో చీర మీద ఒక్కో రకం పువ్వు. రంగు పెచ్చులూడిన చోట కింది నుంచి గీత బయటపడుతుంది. చిత్రకారుడు తన పనిని చూపించే ఉద్దేశంతో చేసింది కాదది, కాలం చేసిపెట్టింది. అక్కడ నిలబడి చూస్తే ఏ భుజాన్ని ఒక్క ఊపున లాగాడో, ఏ మోచేతి దగ్గర ఆగి మళ్లీ ఎత్తుకున్నాడో పోల్చుకోవచ్చు. దాదాపు ఐదువందల ఏళ్ల కిందటి పనిని సగంలో పట్టుకున్న దృశ్యం అది.

లేపాక్షి మనుషులకూ తోలుబొమ్మలకూ ఉన్న పోలిక కళాచరిత్రకారులు ఎప్పుడో గమనించారు. ఆ పక్కవాటు ముఖం, ఆ కన్ను, ఆ బట్టల పువ్వులు చూసినవాళ్లెవరికైనా తడతాయి. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్న తగువు నాకు అంతగా పట్టదు. ఈ బొమ్మలాడించే కుటుంబాల ఇళ్లలో మాట్లాడేది ఆరె మరాఠీ, తెర వెనక పాడేది తెలుగు రామాయణం. అలాంటి దారిని తిన్నగా గీసి చూపించడం కుదరదు. నన్ను పట్టి ఆపేది ఆ పోలిక వెనక ఉన్న అవసరం. పైకప్పు బొమ్మను చూసేవాడు కింద ఎక్కడో ఉంటాడు, తోలుబొమ్మను చూసేవాడు రాత్రిపూట బయలులో ఎక్కడో కూర్చుంటాడు. ఇద్దరికీ దూరమే. దూరం నుంచి ముఖాన్ని చెప్పేది అంచు. ముక్కు, పెదవి, గడ్డం ఒక గీతలో తేలాలంటే ముఖం పక్కకు తిరగాల్సిందే.

ఒక తేడా మాత్రం పెద్దది. లేపాక్షి చిత్రకారుడు నగను రంగుతో పెట్టాడు. నిమ్మలకుంటలో నగను ఉలితో తీస్తారు. పలక మీద తోలు పరిచి, చిన్న చిన్న ఉలులు నిలిపి, సుత్తితో ఒక్క దెబ్బ. ఒక ఉలి మొన గుండ్రం, ఒకదానిది అర్ధచంద్రం, ఇంకొకదానిది కోసు. నడుమ ఒక గుండ్రం, చుట్టూ అర్ధచంద్రాలు పెడితే పువ్వు. గుండ్రాలను బారుగా పేరిస్తే హారం. రెండు చిల్లుల మధ్య మిగలాల్సిన తోలు ఎంతో చెయ్యే చెప్పాలి. దగ్గరైతే చిరిగిపోతుంది, ఎడమైతే హారం తెగిపోయినట్టు కనబడుతుంది. చిల్లులు నగలకు, బట్టల అంచులకు, కిరీటాలకు. ముఖం మీద, ఒంటి మీద దాదాపు ఉండవు. అక్కడ వెలుగు రంగులోంచి వడిసి రావాలి, నగ దగ్గర మాత్రం సూటిగా రావాలి. ఒకే దీపాన్ని రెండు రకాలుగా ఖర్చుపెట్టడమన్నమాట. ఈ లెక్క తెలిశాక పెద్ద బొమ్మ ముందు నిలబడితే చాలాసేపు అక్కడి నుంచి కదల్లేం.

రంగుల్లోనూ ఇదే జాగ్రత్త. గోడకు వేసే మందపు రంగు తోలుకు పనికిరాదు. వెలుతురు దాటకపోతే ఎంత మంచి ఎరుపైనా తెర మీద నలుపే. కాబట్టి నీళ్లలో కరిగి తోలులోకి ఇంకే రంగులే కావాలి. వెనకటికి ఆకుల నుంచి, బెరళ్ల నుంచి తీసేవారు. ఇప్పుడు అంగట్లో దొరికేవి. ఒక వైపు వేసి ఊరుకుంటే రంగు పేలవంగా ఉంటుంది గనుక రెండు వైపులా వేస్తారు. తోలును తిప్పి, అదే గీత మీద, అదే అంచులో మళ్లీ. రెండో వైపు వేసేటప్పుడు చెయ్యి ఒక వెంట్రుకవాసి తప్పినా దీపం ముందు అంచు రెండుగా చీలి కనబడుతుంది. జావా దీవిలో ఆడించే వాయాంగ్ బొమ్మలకు ఈ బాధ లేదు. అవి దున్నతోలువి, మందం. తెర మీద పడేది ఎక్కువగా నల్లటి నీడే, అందమంతా చెక్కడంలో ఉంటుంది. తెలుగు బొమ్మ పడేసేది రంగుల నీడ. దాన్ని నీడ అనాలంటేనే నోరు రాదు.

ముక్కలను భుజం దగ్గర, మోచేతి దగ్గర, నడుము దగ్గర, మోకాలి దగ్గర దారాలతో కట్టి, నిలువునా ఒక చీల్చిన బద్దలో బిగిస్తే బొమ్మ నిలబడుతుంది. పెద్దవి ఐదారు అడుగుల ఎత్తు. వాటికి ఒక మేకతోలు చాలదు. అన్నిటికంటే ఎక్కువ కీళ్లు నాట్యగత్తె బొమ్మకు. కీలు దగ్గర దారం ఎంత వదులుండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, బిగువైతే చెయ్యి లేవదు, వదులైతే లేచిన చెయ్యి వేలాడిపోతుంది.

తోలుబొమ్మలాట ఎంత పాతదంటే, 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో దాని ప్రస్తావన చేశాడు. రెండు తెల్లచీరలను ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా కట్టి, ఈతముళ్లు గుచ్చితే తెర. వెనక ఆముదపు దీపాలు, తర్వాతి రోజుల్లో కరెంటు బల్బులు. కాళ్ల కింద చెక్కలు, వాటిని తొక్కితే యుద్ధం చప్పుడు. రాముడి కష్టాలు మరీ బరువెక్కినప్పుడు కేతిగాడూ బంగారక్కా దూరి మోటు సరసాలాడి పోతారు. ఆ సరసాలు పుస్తకాల్లోకి ఎక్కలేదు. ఎక్కకపోవడమే మేలు, వాటి రుచి ఆ ఊరి పేర్లతో, ఆ రాత్రి ఆశువుగా అల్లినప్పుడే.

ఆ తెర మీద జరిగేది మాత్రం ఇప్పుడు వీడియో తీసే ప్రతివాళ్లూ గమనించాలి. బొమ్మను గుడ్డకు ఆనిస్తే అంచులు కత్తిరించినట్టు తేటగా ఉంటాయి. వెనక్కి లాగితే బొమ్మ పెద్దదవుతూ, మసకబారుతూ కరిగిపోతుంది. హనుమంతుడు అలా మసకలోంచి వచ్చి గుడ్డకు ఆనుకున్నాడంటే, దూరం నుంచి ఎగిరివచ్చి దిగాడని పిల్లలకు కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. సినిమా పుట్టి నూటముప్పై ఏళ్లు. దగ్గరికి రావడం, మసకలోకి జారడం, ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి చూపు మార్చడం అనే పనులను రెండు తెల్లచీరలతో అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చేశారు. ఇంకో విచిత్రం: ఆడించేవాడికి బొమ్మ ఒక వైపుకు తిరిగి కనబడితే చూసేవాళ్లకు అవతలి వైపుకు తిరిగి కనబడుతుంది. రాముడి బాణం తన కుడికి పోవాలా ఎడమకు పోవాలా అన్నది అతడు ఎప్పుడూ ఎదుటివాళ్ల కళ్లతో ఆలోచించుకోవాలి. ఫోన్ ముందు కెమెరాలో కుడి ఎడమలు తారుమారై తికమకపడే మన కుర్రకారు ఆ తెర వెనక ఒక రాత్రి కూర్చుంటే బాగుండు.

చిత్రకారుడు బొమ్మ వేస్తుండగా సినిమా తీయాలన్న ఆలోచన పడమటి దేశాల్లో గట్టిగా సాగినప్పుడు వాళ్లు కూడా తిరిగి తిరిగి ఈ అవతలి వైపుకే వచ్చారు. హాన్స్ నామూత్ అనే ఫోటోగ్రాఫరు 1950లో జాక్సన్ పొలాక్‌ను చిత్రీకరిస్తూ, వేసే మనిషీ పడే రంగూ ఒకేసారి కనబడటం లేదని ఒక గాజుపలక పెట్టి దాని కింద నుంచి తీశాడు. 1956లో ఫ్రెంచి దర్శకుడు హెన్రీ జార్జ్ క్లూజో పికాసో మీద తీసిన చిత్రం ఇంకా ముందుకు పోయింది. సిరా అవతలికి ఇంకే కాగితాన్ని చట్రానికి బిగించి, పికాసోను ఒక వైపు కూర్చోబెట్టి, కెమెరాను రెండో వైపు పెట్టాడు. చెయ్యి లేదు, కుంచె లేదు. తెల్లటి తెర మీద గీత దానంతట అదే పుట్టి, వంపు తిరిగి, చేపై, కోడై, మనిషి ముఖమై మారుతుంది. చూస్తుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కెమెరా వెనక ఉన్నది క్లోద్ రెన్వార్, పెద్ద చిత్రకారుడు ఒగుస్త్ రెన్వార్ మనవడు. ఆ ఏడాది కాన్ ఉత్సవంలో దానికి జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది.

క్లూజో కనిపెట్టిన ఏర్పాటును కాగితం మీద గీసి చూడండి: పలచని తెర, ఒక పక్క కళాకారుడు, అవతలి పక్క ప్రేక్షకుడు, మధ్య వెలుతురు దాటే బొమ్మ. ఇది తోలుబొమ్మలాట పందిరే. ఇందులో ఆయన గొప్ప తగ్గేదేమీ లేదు. ఆయన దారిన ఆయన వచ్చాడు. కానీ ఆయన చిత్రంలో లేనిది ఒకటి నిమ్మలకుంటలో ఉంది. కాగితం మీద గీత పూర్తయ్యాక అక్కడే ఆగిపోతుంది, ఇక చూడాల్సింది తర్వాతి కాగితం. తోలు మీద బొమ్మ పూర్తయ్యాకే అసలు పని మొదలవుతుంది: లేచి నడవాలి, పాడాలి, బాణం వేయాలి. వేయడం ఒక సగం, ఆడించడం ఒక సగం. వీడియో తీసేవాళ్లు రెండో సగం మరిచిపోతే మొదటి సగం ఎందుకు అలా ఉందో చూసేవాళ్లకు అర్థం కాదు. ఆ కీళ్లెందుకు, ఆ పక్కవాటు ముఖమెందుకు, రెండు వైపులా రంగెందుకు?

ఇప్పుడు తిరుగుతున్న చిన్న వీడియోలతో నాకున్న పేచీ అదే. వాటిలో ప్రేమ ఉంది, ఓపిక లేదు. నేల మీద కూర్చున్న మనిషి, చకచకా గీత, రెండు ఉలి దెబ్బలు, మీద నుంచి ఒక వేణువు పాట, చివర స్విచ్చి నొక్కితే వెలిగే బొమ్మ. ఆ చివరి మెరుపు మోజులో పడి దీపాన్ని బహుమతిలా ఆఖరికి దాచిపెడుతున్నారు. దీపం పనిలో భాగం. నా మాట వినేవాళ్లుంటే ఒక్క మార్పు చెబుతాను: ప్రతి మెట్టు దగ్గరా తోలును ఎత్తి వెలుతురుకు పట్టండి. గీకి ఆరబెట్టిన ఉత్త తోలును ఒకసారి, నల్లగీత పడ్డాక, ఒక వైపు రంగు వేశాక, రెండో వైపు వేశాక, మొదటి చిల్లు పడ్డాక, నూరు చిల్లులు పడ్డాక. ఒకే చోట నిలబడి, ఒకే దీపం ముందు. మాటలేమీ అక్కర్లేకుండా బొమ్మ వెలుతురులో ఎలా పెరిగిందో చూసేవాడు తానే చూస్తాడు.

తీయడంలో చిక్కులున్నాయి. ఫోన్ కెమెరా దాని తెలివి అది చూపిస్తుంది. నల్లటి గది, మధ్యలో వెలిగే తోలు కనిపించగానే అయ్యో చీకటి అని మొత్తం వెలుతురు పెంచేస్తుంది. చిల్లులన్నీ ఒకదానిలోకి ఒకటి కారిపోయి తెల్లటి ముద్దలవుతాయి. అందుకే తెర మీద వెలుగు ఎక్కువున్న చోట వేలు ఒత్తిపట్టి, కెమెరా మళ్లీ మార్చుకోకుండా బిగించి, ఇంకాస్త తగ్గించాలి. రంగు సంగతీ అంతే. పసుపు బల్బు పెడితే ఫోన్ దాన్ని తెల్లబరచడానికి చూస్తుంది, ఎరుపులో వేడి పోతుంది. దాన్నీ బిగించాలి. బల్బును నేరుగా తోలు వెనక పెడితే బల్బు ఉన్నచోట గుండ్రటి మంట, చుట్టూ మసక. మధ్యలో ఒక తెల్లగుడ్డ కట్టండి, వెలుగు సమంగా పరుచుకుంటుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది గనుక కొన్ని ఎల్.ఈ.డీ. దీపాల కింద వీడియోలో చారలు పాకుతాయి. షట్టరును సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే అవి పోతాయి. నిలువు వీడియో అంటే సినిమావాళ్లకు చిరాకు. కానీ నిలబడ్డ ఐదడుగుల రావణుడికి నిలువు చట్రం కంటే తగినది ఏముంది? లేపాక్షి పైకప్పుకు మాత్రం ఫోన్‌ను అడ్డంగా తిప్పక తప్పదు.

పాట తీసేయండి. ఉలి మీద సుత్తి పడే చప్పుడు ఆ పనికి తాళం. గట్టి తోలు మీద ఒక రకం, పలచని చోట ఒక రకం. ఉలి మార్చినప్పుడు ఒక చిన్న విరామం. ఆ వరసలో ఎక్కడ తడబాటు వచ్చిందో చెవే చెబుతుంది.

వేగం పెంచి చూపించడం మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. అన్నిటినీ ఒకే వేగంతో తరిమితే కష్టమైన చోటూ తేలికైన చోటూ ఒకలాగే దొర్లిపోతాయి. అసలు పనిలో ఆ రెండూ ఒకటి కావు. తొడ మీద రంగు పరవడం చకచకా సాగిపోయే పని, దాన్ని పరుగెత్తించినా నష్టం లేదు. కనురెప్ప గీత దగ్గర చెయ్యి గాలిలో ఆగుతుంది, రెండుసార్లు దిగినట్టు దిగి వెనక్కి వస్తుంది, మూడోసారి దిగుతుంది. అక్కడ వీడియో కూడా ఆగాలి. క్లూజో చిత్రంలో కూడా నాకు నచ్చిన ఘట్టం ఫిల్ము అయిపోవస్తోందని హెచ్చరిస్తుంటే పికాసో గబగబా గీసేది కాదు. వేసిన బొమ్మను తానే చెరిపి, మార్చి, ఇది పాడైపోయిందని తేల్చి మళ్లీ మొదలుపెట్టే భాగం అంతకంటే మంచి పాఠం. తోలుకు ఆ సౌకర్యం లేదు. పడిన చిల్లు పడినట్టే. ఆ భయం ఉన్న చెయ్యి ఎలా కదులుతుందో చూపించగలిగితే ఒక్క నిమిషం వీడియో చాలు.

ఆటలు తగ్గాక నిమ్మలకుంట కుటుంబాలు అదే తోలుతో లాంపుషేడ్లు, గోడకు తగిలించే పటాలు, తలుపు తెరలు చేయడం మొదలుపెట్టాయి. రాష్ట్ర హస్తకళల సంస్థ దుకాణాలలో అవి దొరుకుతాయి. ఆ దుకాణాల పేరు కూడా లేపాక్షే. కళ వస్తువుగా దిగజారిందని బాధపడేవాళ్లు ఉన్నారు. నాకు అంత బాధ లేదు. లాంపుషేడ్ బొమ్మకు దాని వెలుగును తిరిగి ఇచ్చింది. గోడ పటం మాత్రం నిజంగానే అన్యాయం చేసింది. వెనక గోడ, ముందు గాజు, వెలుగు వచ్చే దారే లేదు. కొనేవాళ్లకు ఈ తేడా చెప్పడానికి ఒక పేజీ రాత కంటే బొమ్మను పటంలోంచి తీసి కిటికీకి పట్టి చూపించే పది సెకన్ల వీడియో మేలు.

2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. అవార్డు ఒక్కరికే వస్తుంది, వీడియోలో కూడా ఒక్క ముఖమే కనిపిస్తుంది: గీత గీసే పెద్దాయన. తోలు ఆరబెట్టింది ఒకరు, ఉలి కొట్టింది ఇంకొకరు. రంగులు చాలామటుకు ఇంటి ఆడవాళ్లు, పిల్లలు వేస్తారు. కెమెరాను ముఖానికి ఎదురుగా కాక పలకకు పైన, నేరుగా కిందికి చూసేలా కడితే ముఖాలు పోయి చేతులు మిగులుతాయి. గాజులున్న చేతులు, ముడతలు పడ్డ చేతులు, ఇంకా సిరా అంటని చిన్న చేతులు ఒకే తోలు మీద పని చేస్తూ కనబడతాయి. వాటి పక్కనే పేర్లు వేయాలి, ఆఖర్న ఊరి పేరు ఒక్కటే వేసి సరిపెట్టకూడదు. కత్తి వెనకాలే బొటనవేలు పోనిచ్చిన మనిషి పేరుతో ఆ వరస మొదలుపెట్టాలి.